నా పేరే తప్పంటంది

సెలవులకి చీరాల వెళ్తూ మినీ ప్రాజెక్ట్ కూడా పట్టుకెళ్లాను. జాండ్రపేటలో మా వీధి నేతవాళ్ల వివరాలు రాసుకునే చిన్న వెబ్ యాప్, జాంగోలో చేసింది. పేరు, ఎన్ని మగ్గాలు, ఏం నేస్తారు, అంతే. కాలేజీలో బ్రహ్మాండంగా పనిచేసింది.

మొదటి యూజర్ నాయనమ్మ. తెలుగు కీబోర్డులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు తనే కొట్టింది. కింద ఎర్రగా వచ్చింది: 'పేరు సరైనది కాదు.'

"ఏందిరా, నా పేరే తప్పంటంది?"

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. మూడోసారి ఫోన్ నా చేతికిచ్చేసి, "నాకు రాయటం సరిగ్గా రాదులే" అని కండెలు చుట్టుకోడానికి వెళ్లిపోయింది. తను రాసింది కరెక్టే. ఆ ఎర్ర లైను రాసింది నేను.

రాత్రంతా కూర్చున్నాను. 'కమల' అని కొడితే తీసుకుంది. 'సీత' వద్దంది. 'లత' ఓకే, 'రాధ' కాదు. అప్పుడు వెలిగింది. ఒట్టి తలకట్లయితే పాస్, గుణింతం వస్తే ఫెయిల్! కాలేజీలో నేను టెస్ట్ చేసిన పేర్లన్నీ ఇంగ్లీషులో కొట్టినవే మరి.

పేరు ఫీల్డుకి నేను పెట్టిన రీజెక్స్ 'బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ', ప్లస్ స్పేస్. పైథాన్‌లో అది అక్షరాల్ని, అంకెల్ని, అండర్‌స్కోర్‌ని ఒప్పుకుంటుంది. 'సీ' మనకి ఒక అక్షరం, యూనికోడ్‌కి రెండు: స, దాని మీద గుడిదీర్ఘం. ఆ గుడిదీర్ఘం దాని లెక్కలో అక్షరం కాదు, 'మార్క్'. సున్నా, పొల్లు కూడా అంతే. ('స్త్రీ' అయితే ఏకంగా ఆరు. గరిష్ఠ పొడవు 20 అని పెట్టిన నా తెలివికి నాకే నవ్వొచ్చింది.)

ముందు తెలుగు బ్లాక్ 128 స్థానాలూ అనుమతించేశాను. దాంతో తెలుగు అంకెలు కూడా పేర్లయిపోయాయి. పైగా 'రామ్‌కుమార్' ఫెయిల్. మ్‌కీ కుకీ మధ్య కీబోర్డ్ పెట్టే కంటికి కనపడని క్యారెక్టర్ ఆ బ్లాకులో లేదు. చివరికి పైథాన్ సొంత లైబ్రరీ వదిలేసి, 'రీజెక్స్' ప్యాకేజీతో అక్షరాలు, మార్కులు, ఆ కనపడనిది, స్పేస్ మాత్రమే అని రాస్తే కుదిరింది.

పొద్దున్నే నాయనమ్మని పిలిచాను. "నువ్వే కొట్టు" అంది. కొట్టాను. యాప్ గమ్మున తీసేసుకుంది. కళ్లజోడు పెట్టుకుని చూసి, "దీర్ఘం ఏదిరా? దీనికేం తెలవలేదే" అని ఫోన్ లాక్కుని తనే దిద్దింది.