మహేంద్రగిరి మీద చిన్న గుళ్లు

మహేంద్రగిరి ఎక్కేవాళ్లందరి నోటా ఒకటే ప్రశ్న: ఇంకెంత దూరం? మందస వైపు నుంచి శివరాత్రికి ఏటా కొండెక్కే పెద్దాయన ఒకరు మా ముందు నడుస్తున్నారు. చంకలో అటుకుల మూట, చేతిలో చోడి అంబలి సీసా. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోరు. “ఎంతో నేదు బావూ, అదిగో, ఆ మలుపు దాటితే వచ్చీసినట్టే” అంటారు. ఆ మలుపు దాటితే ఇంకో మలుపు, మళ్లీ అదే మాట. అబద్ధమని తెలుస్తూనే ఉంటుంది. అయినా ఆ మాట చెవిన పడకపోతే కాలు లేవదు.

జీడితోటలు, పనసచెట్లు కిందనే ఆగిపోయాయి. సవరల ఊళ్లూ, వాళ్లు కల్లు గీసే జీలుగు చెట్లూ వెనకబడ్డాయి. ఆఖరి ఎక్కుడంతా గడ్డి, బండ, గాలి. ఎత్తు 1,501 మీటర్లే. హిమాలయాలు చూసొచ్చినవాళ్లకు అదొక ఎత్తు కాదు. కానీ సముద్రానికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఈ కొండ నిటారుగా లేస్తుంది కాబట్టి, ప్రతి అడుగూ మోకాలికి తెలుస్తుంది.

చివరికి గుళ్లు కనిపించాయి. నిజం చెప్పొద్దూ, ముందు నిరాశే కలిగింది. ఇంత చిన్నవా! కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి అని పేర్లు. భీముడి గుడి మరీ చిన్నది. అయితే దాన్ని పేర్చిన రాళ్లు చూస్తే ఆ పేరెందుకు పెట్టారో అడగక్కర్లేదు. అంతంత బండల్ని ఎత్తినవాడు భీముడు కాక ఇంకెవడు అనుకున్నారు జనం. చరిత్రకారులు పాండవుల్ని పక్కనపెట్టి గాంగ రాజుల కాలం గురించి మాట్లాడతారు. మా పెద్దాయనకు ఆ తగవుతో పనిలేదు. అంబలి సీసా పక్కన పెట్టి, భీముడి గుమ్మం ముందు చేతులు జోడించారు.

గాంగుల సంగతి గుర్తొచ్చాకే నా నిరాశ తీరింది. వంశధార ఒడ్డున ఇప్పటి ముఖలింగం ప్రాంతంలో కళింగనగరం రాజధానిగా ఏలినవాళ్లు వాళ్లు. భూమి దానం చేసి రాగిరేకు మీద శాసనం చెక్కించేటప్పుడు, తమ పేరుకన్నా ముందు మహేంద్ర శిఖరం మీది గోకర్ణస్వామిని తలుచుకునేవారు. ఆ వంశంలోని అనంతవర్మ చోడగంగు 12వ శతాబ్దంలో పూరీ జగన్నాథాలయాన్ని తలపెట్టాడు. ఆ వంశంవాడే అయిన నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కోణార్క్ కట్టించాడు. కొండంత గుళ్లు కట్టగలిగినవాళ్లు తమ కులదైవం కొండ మీద ఇంత చిన్న గుళ్లతో ఎందుకు సరిపెట్టుకున్నట్టు?

నాకు తోచిన జవాబు ఒకటుంది. మైదానంలో దేవుడికి కొండ లేదు, కాబట్టి రాతితో కట్టాలి. ఇక్కడ కొండ ముందే ఉంది. పురాణాలు ఏడు కులపర్వతాల్లో ఒకటిగా లెక్కగట్టినది, పరశురాముడి తపోభూమి అన్నది, రఘువంశంలో కాళిదాసు ప్రస్తావించినది ఈ మహేంద్రమే. దాని మీద ఎంత గోపురం లేపినా ఉంగరమున్న వేలికి మళ్లీ ఉంగరం తొడిగినట్టే.

పెద్ద రాజులకు ఈ ఎత్తు విలువ తెలుసు. 11వ శతాబ్దంలో దండెత్తి వచ్చిన రాజేంద్ర చోళుడి విజయశాసనం సంస్కృతంలో, తమిళంలో ఇక్కడే ఉంది. పక్కన చోళుల పులి గుర్తు, పాండ్యుల చేపల గుర్తు. యుద్ధం గెలిచింది కిందనైనా, గెలిచామని చాటడానికి ఇంత ఎత్తుకు రావాలనిపించింది వాళ్లకు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక శిఖరం అటువైపు చేరింది. ఇప్పుడది గజపతి జిల్లాలో ఉంది. కొండలో పుట్టిన మహేంద్రతనయ మాత్రం మన శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, బారువ దగ్గర సముద్రంలో కలుస్తోంది. శివరాత్రికి ఒడియా, తెలుగు, సవర మాటలు ఒకే గుడి ముందు కలగలిసి వినిపిస్తాయి. సరిహద్దు రాయి అక్కడ ఎవరికీ అడ్డం రాదు.

అడ్డం వచ్చేది ప్లాస్టిక్ సీసాలూ, పాత రాళ్ల మీద పూసే పసుపు కుంకుమా, పేర్లు చెక్కే మేకులూ. చోళుడు ఒకసారి రాయించాడు, చాలు. మనం మళ్లీ రాయక్కర్లేదు. వెళ్లదలచినవాళ్లు ముందు ముఖలింగం చూడండి, తర్వాత ఈ కొండెక్కండి. కింద ఆ రాజుల గొప్ప కనిపిస్తుంది. పైన, వాళ్లు తమకంటే గొప్పదని ఒప్పుకున్నది కనిపిస్తుంది. మీరు మోసుకెళ్లిన సీసా మీరే దించుకురండి.