కొడచాద్రి దారిలో మా జీపు

కొల్లూరు మూకాంబికను సేవించుకున్నవారు జీపులో కొడచాద్రి ఎక్కడం మా కన్నడసీమలో వాడుక. 1,343 మీటర్ల శిఖరం. పైన శంకరులవారి పేరిట సర్వజ్ఞపీఠమనే చిన్న రాతిమంటపం. మా తమ్ముడు కొల్లూరులోనే బాడుగ జీపు నడుపుతాడు. అయినా అమ్మకు ఆ దర్శనం నిరుడు తప్పిపోయింది. వానకు కోసుకుపోయిన దారిలో ఒక బండ తలుపు కింది రేకును నొక్కేసింది. తలుపు బిగుసుకుపోగా అమ్మను అవతలివైపునుంచి దింపి, వెనుదిరిగాము.

ఈసారి ప్రక్కలకు ఇనుప పైపులు వేయించాము. షెడ్డులోని కుర్రవాడు రేకుకే అతికిస్తానన్నాడు. చవక గదా అని నేనూ తలూపాను. పెద్దమేస్త్రీ ఒప్పుకోలేదు. "రేకుకు అతికిస్తే దెబ్బ మళ్ళీ రేకుకే! బరువు మోసేది ఛాసీ" అన్నాడు. బాడీ రబ్బరు దిమ్మలమీద కూర్చుని ఛాసీతో పొందకుండా తనపాటికి తాను కదులుతుందట. రెంటినీ ఒకే ఇనుముతో కడితే రేకు చీలుతుంది. అందుకని ఛాసీనుంచే కొమ్ములు తీసి, రేకుకు తగలకుండా వేలెడు సందు విడిచి పైపు నిలిపాడు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. బ్రేకు గొట్టం ఎటు పోతున్నదో వంగి చూశాడు. బరువు పెరిగి డీసెలు ఎక్కువ తాగుతుందని తమ్ముడి గొణుగుడు!

మళ్ళీ అదే మలుపు. గరగరమని రాతిమీద పైపు ఈడ్చుకుపోయింది. నా గుండె జారింది గాని, బండి జారుకుంటూ దాటేసింది. పైన తలుపు హాయిగా తెరుచుకున్నది. అమ్మ ఆ పైపుమీదనే కాలు మోపి దిగి, "మెట్టు కూడా పెట్టించావట్రా!" అన్నది.