కంప్యూటర్ గీసిన పట్టాలు, బాపు పట్టిన తాడు

పోయిన వార్షికోత్సవానికి ఏదైనా మోడల్ చేసి పెట్టమని వార్డెన్ సార్ పాత విద్యార్థులమైన మా ముగ్గురినీ అడిగారు. మేం ముగ్గురం ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇండ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే.

పెద్దపల్లి జంక్షన్ చేద్దామనుకున్నాం. కాజీపేట–బల్లార్షా లైను నుంచి కరీంనగర్ వైపు పట్టాలు చీలేది అక్కడే. ఒక సీనియర్ అన్న ఎచ్‌వో స్కేలు ఇంజను, నాలుగు డబ్బాలు, పట్టాలు కొనిచ్చాడు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న ప్లైవుడ్ షీటు తెచ్చాం.

ఎచ్‌వో అంటే అసలు రైలులో 87వ వంతు. ఆ లెక్కన పెద్దపల్లి నుంచి కరీంనగర్ దాకా ఉన్న సుమారు 35 కిలోమీటర్లు 400 మీటర్లవుతాయి. 20 డబ్బాల బండి ఐదు మీటర్లుంటుంది. మాకున్నది ఒక్క షీటు. అందుకే ఏది ఉంచాలో, ఏది వదలాలో ముందే గీసుకోవాలి. దానికి సాఫ్ట్‌వేర్లున్నాయని తెలిసి వెతికాం.

మొదట ఎనీరైల్ చూశాం. నేర్చుకోవడం తేలిక, ముక్క పక్కన ముక్క పేర్చడమే. కాని ఉచితంగా 50 ముక్కలే ఇస్తుంది. యార్డు సగం కాకముందే అయిపోయాయి. తర్వాత స్కార్మ్. గీసింది త్రీడీలో కనబడేసరికి తమ్ముళ్లంతా చుట్టూ మూగారు. దాంట్లో ఉచితం 100 ముక్కల దాకే. లైసెన్సు కొందామంటే ఉన్న డబ్బులు ప్లైవుడ్‌కే సరిపోయాయి. పైగా రెండూ విండోస్‌వి. మా సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో ఉన్నది లైనక్స్.

మూడోది ఎక్స్‌ట్రాక్‌క్యాడ్. పూర్తిగా ఉచితం, ముక్కలకు లెక్క లేదు, లైనక్స్ మీద నడుస్తుంది. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, నేర్చుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. మూడో రాత్రికి ప్లాను తయారైంది. ఇక తిరుగులేదనుకున్నాం.

ఆ ఆదివారం మంచిర్యాల నుంచి బాపు వచ్చాడు. మాలో ఒకరి బాపే, కాని హాస్టల్లో ఒకరి బాపు అందరికీ బాపే. కాంట్రాక్టరు కింద పట్టాల పనికి పోతాడు. కంకర ఎత్తడం, స్లీపర్లు మోయడం. ఎవరడిగినా “బాపు రైల్వేల పనిచేస్తడు” అని చెప్పేవాళ్లం. కూలీ అన్న మాట మా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

బాపు తెర వైపు చాలాసేపు చూశాడు. “గీ మలుపు బిర్రుగున్నది బిడ్డా. సీదా వచ్చిన బండిని గట్ల ఒక్కసారే మలిపితే పట్టాలు దిగుతది. జర జర మలుపాలె” అన్నాడు.

ఎట్లా తెలుసని అడిగాం. మలుపు దగ్గర 20 మీటర్ల తాడును పట్టా వెంట గుంజి పట్టి, తాడు నడుమ నుంచి పట్టా ఎంత దూరముందో మేస్త్రి కొలుస్తాడట. “తాడు ఓ కొస నేనే పడుత” అన్నాడు.

మేం లెక్క కట్టాం. 1750ని మలుపు వ్యాసార్ధం మీటర్లతో భాగిస్తే ఎన్ని డిగ్రీల మలుపో వస్తుంది. బ్రాడ్‌గేజ్ మీద 10 డిగ్రీలు దాటకూడదు. మేం గీసిన 55 సెంటీమీటర్ల మలుపు అసలు కొలతలో 48 మీటర్లే. అంటే 36 డిగ్రీలు! మూడు రాత్రులు కూర్చున్నా మాకు తట్టని తప్పును బాపు చూపుతోనే పట్టాడు.

10 డిగ్రీల మలుపుకు మోడల్లో రెండు మీటర్ల వ్యాసార్ధం కావాలి. షీటు మీద అది కాని పని. అందుకే బిర్రు మలుపులను వెనక గుట్ట కింద దాచాం. స్టేషన్ ముందు మలుపును వీలైనంత సాగదీశాం. సీదా నుంచి మెల్లగా మలిపే ఏర్పాటు ఎక్స్‌ట్రాక్‌క్యాడ్‌లో ఉంది, దాని పేరు ఈజ్‌మెంట్. అప్పటిదాకా ఆ బటన్ ఎందుకో మాకు తెలియదు. బాపు “జర జర” అన్నది అదే. ప్లానును అసలు సైజులో 60 ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి, షీటుకు అంటించి, గీత మీదనే పట్టాలు పరిచాం.

వార్షికోత్సవం నాడు బండి ఒక్కసారే పట్టాలు దిగింది. అదీ ఓ తమ్ముడు వేలు పెట్టినందుకు. మోడల్ పక్కన బోర్డు మీద మా పేర్లకన్నా పైన బాపు పేరు రాశాం. కింద “పట్టాల కూలీ, మంచిర్యాల” అని రాశాం. బాపుకు చదవరాదు. ఐదో తరగతి తమ్ముడొకడు గట్టిగా చదివి వినిపించాడు. బాపు ఏమీ అనలేదు. రుమాలుతో ముఖం తుడుచుకుని, వంగి మలుపు వైపే చూశాడు.

తమ్ముళ్లూ, సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని అడిగితే మా జవాబు ఎక్స్‌ట్రాక్‌క్యాడే. కాని గీసినంక ఒక్కసారి మీ ఇంట్లోవాళ్లకు చూపించండి. వాళ్లు చేసే పని పేరు చెప్పడానికి మాలాగా పీజీ దాకా ఆగకండి.