పాతబస్తీ వంటవీథులు

చార్మినారు 1591వ సంవత్సరమున వెలసినది. దానిని జూడవచ్చువారిలో ననేకులు నేడు కట్టడముకంటె ముందు కమ్మని వాసనలనే వెదకికొందురు. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించెను; 2019లో యునెస్కోవారు ఈ నగరమును పాకకళానగరములలో జేర్చిరి.

రంజాను మాసమున నొక సాయంకాలము మేము పత్తర్‌గట్టీ మీదుగా నడచితిమి. మాంసము ముట్టని మాకు హలీము రుచి తెలియదు. కాని ఇటుకబట్టీలపై డేగిసాలలో నుడుకు గోధుమలను, మాంసమును గంటలకొలది పెద్దకఱ్ఱలతో మెదుపువారి చెమటను జూచితిమి. మన పప్పుగుత్తి శ్రమ దానియెదుట నెంత!

2023లో కేంద్రప్రభుత్వము దేశమున 100 ఆహారవీథులను దీర్చిదిద్దుటకు వీథికి 1 కోటి రూపాయల చొప్పున సాయము ప్రకటించెను. మంచినీరు, చేతులు కడుగుకొను తావు, మరుగుదొడ్లు, చెత్త తొలగింపు, దీపములు ఆ పథకమున జెప్పబడిన పనులు. సోదరీమణులారా, పసిబిడ్డ నెత్తుకొని లాడ్‌బజారులో గాజులు కొని, పిదప మరుగుదొడ్డికై వీథివీథి వెదకు నాడుదానికి ఏ బిర్యానీ రుచించును? ఇట్టి ధనము పాతబస్తీకి వచ్చునెడల మొదట నీటికుళాయికిని, ఆడువారి మరుగుదొడ్డికిని వ్యయము కావలెను. తోపుడుబండివాని చోటు పోకుండవలెను. తోరణములు, రంగుదీపములు పిమ్మట జూచుకొనవచ్చును.