వాటర్‌ఫర్డ్‌లో రెండో వీధి బడి

యాష్‌బర్న్‌లో మా అమ్మాయి వాళ్లింటి నుంచి ఎటు చూసినా డేటా సెంటర్ల గోడలే. వర్జీనియాలో లౌడన్ కౌంటీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఈ తూర్పు వైపే. కొత్త ఇళ్లు, ఇండియన్ కిరాణా కొట్లు, పార్కుకెళితే నాలుగు తెలుగు మాటలు. "పడమటి వైపు నువ్వు చూడలేదమ్మా, పద" అని ఓ శనివారం పొద్దున్నే కారెక్కించింది. లీస్‌బర్గ్ దాటగానే రోడ్డు సన్నబడింది. చేలు, కంచెలు, మేస్తున్న ఆవులు దాటుకుంటూ వాటర్‌ఫర్డ్‌లో దిగాం.

1733 ప్రాంతంలో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఆమోస్ జానీ అనే క్వేకరు వేసిన ఊరిది. కౌంటీ ఏర్పడింది 1757లో. అంటే వయసులో కౌంటీ కంటే ఊరే పెద్దది. క్వేకర్లు కత్తి పట్టని క్రైస్తవులు, బానిసత్వాన్ని ఒప్పుకోనివాళ్లు. అందుకే అంతర్యుద్ధం వచ్చేసరికి రాష్ట్రం దక్షిణాది పక్క, ఈ ఊరు ఉత్తరాది పక్క అయింది. 1864లో ఇక్కడి ముగ్గురు అమ్మాయిలు, లిడా, లిజ్జీ డటన్ అనే అక్కచెల్లెళ్లూ సారా స్టీరూ కలిసి 'వాటర్‌ఫర్డ్ న్యూస్' అనే పత్రిక పెట్టారు. అచ్చు వేయించింది బాల్టిమోర్‌లో. ఎనిమిది సంచికలు తెచ్చారు. వచ్చిన డబ్బు ఉత్తరాది సైనికుల సహాయానికి పంపారు. ఆ ఏడాది చివర్లో అదే ఉత్తరాది సైన్యం, శత్రువుల గెరిల్లా దళాలకు తిండీ గడ్డీ దొరక్కూడదని లౌడన్‌లో కొట్టాలు తగలబెట్టింది. తమను నమ్ముకున్న క్వేకర్ల కొట్టాలనూ వదల్లేదు. చదువుతుంటేనే కడుపు తరుక్కుపోయింది.

నేను ముప్పై ఏళ్లు పలకాబలపం పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. అందుకేనేమో, రాతి ఇళ్ల అందం, వాగు పక్కన పాత మిల్లు, అన్నీ చూశాను గానీ మనసు మాత్రం రెండో వీధి బడి దగ్గరే ఆగిపోయింది. ఒకే గది, చెక్క గోడలు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1866లో, ఊళ్లోని నల్లజాతి కుటుంబాలు ఒక క్వేకరు దగ్గర ఈ జాగా కొనుక్కున్నాయి. నిన్నటిదాకా వాళ్లలో ఎంతోమందిని చదువుకు ఆమడ దూరంలో ఉంచిన నేల మీద వాళ్లు తలపెట్టిన మొదటి పనుల్లో పిల్లల బడి ఒకటి! 1867 నాటికి బడి లేచింది. తొలి పంతులమ్మ ఎవరనుకున్నారు? పత్రిక నడిపిన సారా స్టీరే. అదే గది చర్చిగానూ పనికొచ్చింది. 1957 దాకా నల్లజాతి పిల్లలు ఇక్కడే చదువుకున్నారు.

ఇప్పుడు కౌంటీ బడుల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి 1880 నాటి తరగతిలో కూర్చోబెడతారు. ఒక్కొక్కరికీ ఆనాడు ఇక్కడ చదివిన ఒక్కో బిడ్డ పేరు. ఆ పూటంతా ఆ పేరుతోనే పలకాలి. ఇదంతా నడిపేది ఊరి స్వచ్ఛంద సేవకులే. మాతో వచ్చిన మనవరాలు కూడా బెంచీ మీద కూర్చుని పలక ఒళ్లో పెట్టుకుంది. "అమ్మమ్మా, నిండిపోతే సేవ్ చేసుకోవడం ఎలా?" అంది. "తుడిచెయ్యడమే. తుడిచే ముందే కంఠతా పట్టేయాలి" అన్నాను. తడిగుడ్డతో తుడిచి, ఆరడానికి పలకను గాల్లో ఎలా ఊపేవాళ్లమో చూపించాను. మాకోసం బడి తలుపు తీసిన పెద్దావిడ కూడా పలక అందుకుని నాలాగే ఊపింది. నేను చదివిన పెంకుల బడిని ఏనాడో పడగొట్టారు. ఫోటో కూడా లేదు.

ఈ ఊరు మిగలడానికి మొదటి కారణం పేదరికం. రైలు ఊరిని తప్పించి పోయింది, వ్యాపారం పడిపోయింది, పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. 1930లలో చాంబర్లిన్ అనే సోదరులు ఇళ్లు కొని బాగుచేయించడం మొదలుపెట్టారు. 1943లో వాటర్‌ఫర్డ్ ఫౌండేషన్ పుట్టింది. అక్టోబరులో చేతిపనుల సంత పెట్టి, ఆ రాబడితో మరమ్మతులు చేయిస్తూ వచ్చారు. 1970లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చినప్పుడు చుట్టూ ఉన్న పొలాలనూ కలిపారు. ఎంత ముందుచూపు! పొలాలు పోయి ఇళ్లు మిగిలితే ఊరనిపించుకోదు. అందుకే భూములు ఎన్ని చేతులు మారినా అక్కడ ఇళ్లు లేవకుండా పత్రాలు రాయించుకున్నారు. యాష్‌బర్న్‌ను చూసొచ్చిన కళ్లకు ఆ పత్రాల విలువ బాగా తెలుస్తుంది.

లౌడన్‌లో స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులకు నాదొక మనవి. మన పిల్లలు పెరుగుతున్న కౌంటీ ఇది. ఈ బడిని నిలబెట్టినవాళ్ల కథ వాళ్లకూ చెందుతుంది. ఒక్కసారి తీసుకెళ్లి ఆ బెంచీల మీద కూర్చోబెట్టండి. వీలైతే స్వచ్ఛంద సేవకుల జాబితాలో మీ పేరూ రాయించండి. పలకలు తుడవడానికైనా, దారి చూపడానికైనా అక్కడ మనుషులు కావాలి. యాష్‌బర్న్ నుంచి అరగంట దారి.