అందుబాటు, అక్కర

మొన్న సంక్రాంతికి నా పూర్వ శిష్యుడొకడు చూడవచ్చాడు. "ఏం పని చేస్తుంటావురా?" అని అడిగితే, "జావా ప్రోగ్రాము నడుస్తుండగా హీపులోని ఏ ఆబ్జెక్టును ఎప్పుడు ముట్టుకుంటున్నదో గమనిస్తుంటాను మాస్టారూ" అన్నాడు. వ్యాకరణం తప్ప వేరొక యంత్రం ఎరుగని నాకు ఆ మాట వింతగా తోచినది.

అతడు చెప్పినదానిని నాకు అర్థమైన మేరకు చెబుతాను. ప్రోగ్రాము సృష్టించుకొనే వస్తువులన్నీ హీపులో చేరుతాయి. నేను దానిని 'రాశి' అంటాను. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషకై ఒక ఉపాయం ప్రకటించాడు. మూలాల నుండి సూచికల వెంట నడిచి, చేరగలిగిన వాటికి గుర్తు పెట్టి, తక్కినవాటి చోటును తిరిగి వాడుకోవడం. ఆ పని చేసేది గార్బేజి కలెక్టరు. కలెక్టరనగానే మనకు జిల్లా అధికారే గుర్తుకు వస్తాడు, ఈయన ఊడ్చే కలెక్టరు!

"ఊడ్చేవాడు ఉండగా నీ గమనిక దేనికి?" అన్నాను.

"చేరగలగడం వేరు, వాడటం వేరు మాస్టారూ. ఏదో జాబితాలో సూచిక మిగిలిపోయిన వస్తువును, ఎవరూ వాడకపోయినా, కలెక్టరు ముట్టదు. అటువంటివి పేరుకొని చివరకు మెమరీ నిండిపోతుంది."

గమనించడమూ సులువు కాదట. కలెక్టరు వస్తువులను చోటు మారుస్తుంటుంది. నిన్నటి చిరునామాలో నేడు వేరొకటి ఉండవచ్చు. కనుక చిరునామాను నమ్మక వస్తువుకే ఒక గుర్తింపు నిచ్చి, చదివే చోటా రాసే చోటా చిన్న కోడు తునకను కాపలా పెట్టాలి. ప్రతి స్పర్శనూ నమోదు చేస్తే ప్రోగ్రామే కుంటుపడుతుంది. అందుచేత కొన్నిటినే మచ్చుకు తీసుకుంటారట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పండిత శిక్షణలో నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుని నంబరు నా ఫోనులో ఉన్నది. ఫోను మార్చినప్పుడల్లా జాగ్రత్తగా కొత్తదానిలోకి ఎక్కించుకున్నాను. నంబరున్నది గనుక స్నేహమూ ఉన్నదనుకున్నాను. మాట్లాడి ఆరేళ్లు.

తెల్లవారగానే ఫోను చేశాను. వదినగారు ఎత్తారు. ఆయనకు పక్షవాతం వచ్చి మూడేళ్లయినదట! నాకు తెలియనే తెలియదు. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టారు. నేనేదో మాట్లాడుతూ పోయాను. చాలాసేపటికి, అక్షరం అక్షరం కూడదీసుకొని, ఆ రోజుల్లో నన్ను వెక్కిరిస్తూ పిలిచే పేరు పలికాడు.

ఈ ఆదివారం వెళుతున్నాను.