కిటికీ మూస్తే చలి ఆగుతుందా?



మాది లంబసింగి దగ్గర. సుమారు 1000 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరిలో రాత్రి చలి ఎలా ఉంటదో మన ఏజెన్సీ వాళ్లకి చెప్పక్కర్లేదు.

మా పాత ఇంటికి మట్టిగోడలు, గడ్డి కప్పు. గడ్డి పరకల మధ్య చిక్కుకున్న గాలే చలినీ ఎండనీ ఆపేది. పొగ కూడా గడ్డిలోంచి మెల్లగా పోయేది. అయినా పొయ్యి దగ్గర కూర్చునే మా అవ్వకి దగ్గు తప్పలేదు. కాబట్టి పాతదంతా గొప్పదని నేను అనను.

ఇప్పుడు గడ్డి పోయి రేకు వచ్చింది. పగలు కాలుతుంది, రాత్రి చల్లబడిపోతుంది. చలికి భయపడి కిటికీలు, సందులు అన్నీ మూసేస్తున్నాం. మన ఊపిరిలోని తేమ చల్లటి రేకుకి తగిలి నీళ్లై దుప్పట్ల మీద పడుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం బొగ్గుల కుంపటి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తది.

మేం రేకు కింద వెదురు తడక కట్టి, మధ్యలో ఎండుగడ్డి పరిచాం. పొయ్యి గదిలో మాత్రం వద్దనుకున్నాం, నిప్పు భయం. ఒక గోడకి కింద, ఎదురుగోడకి పైన చిన్న కంతలు వదిలాం. చల్లగాలి కింద నుంచి వస్తది, వేడిగాలి, తేమ పైనుంచి పోతాయి. పెద్ద కిటికీ దక్షిణానికి పెట్టాం. చలికాలం ఎండ అటునుంచే లోపలికి వస్తది.

చలిని కప్పుతో, గోడతో ఆపాలి. గాలిని మూసి కాదు. కొత్త ఇల్లు మంజూరైనవాళ్లు మేస్త్రీకి ఈ మాట ముందే చెప్పండి. గోడ లేచాక కంత పెట్టడం కష్టం. కుంపటి సంగతి మాత్రం ఈ రాత్రే ఇంట్లో పెద్దోళ్లకి చెప్పండి.